గట్టు మారదు, నీరు మారును

తార్నాక దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి పోవువారికి రాతిగుండ్లు స్వాగతము చెప్పును. ఈ నేల ఒకప్పుడు అడిక్‌మెట్ జాగీరు. ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందాకు (1768–1824) దక్కినది. ఆమె పేర పిలువబడు మెట్లబావి ఈ ప్రాంతమున నేటికిని నిలిచియున్నది. వానలకు నీరు పైకి వచ్చును, వేసవిలో అడుగునకు దిగును. నీటితోబాటు మనిషియు దిగవలెననియే ఆ మెట్లు.

మన యువకులు మెట్లు విడిచి గట్టెక్కుదురు. అక్కడినుండి దూకుట ఎట్టిదో లెక్క చూతము. 5 మీటర్ల ఎత్తునుండి దూకినవాడు ఒక్క సెకనులో, గంటకు 36 కిలోమీటర్ల వేగముతో నీటిని తాకును. 10 మీటర్లయినచో వేగము 50. వేగము రెట్టింపు కాకున్నను తాకిడిలోని శక్తి రెట్టింపగును. అందుచేతనే పోటీల కొలనులలో 10 మీటర్ల వేదిక క్రింద దాదాపు 5 మీటర్ల లోతు నీరుంచుదురు.

మన బావులకును, క్వారీ గుంతలకును ఈ ఏర్పాటు లేదు. కార్తికమున 4 మీటర్లున్న నీరు వైశాఖమునకు 2 మీటర్లయిన దనుకొందము. దూకు ఎత్తు 2 మీటర్లు పెరిగినది. కాపాడు నీరు సగమైనది. గట్టు మాత్రము మారలేదు గనుక నిరుడు దూకినవానికి ఈ యేడును ధైర్యమే. ఎండ మండునప్పుడే దూకవలెనను కోరికయు మెండు.

విద్యార్థిదశలో నేనును మిత్రులతో ఒక క్వారీ గుంతకు పోయితిని. అందరును దూకిరి. నా వంతు వచ్చినప్పుడు అడుగు కనిపించక వెనుదిరిగితిని. పిరికివాడని నవ్విరి. మరుసటి వేసవిలో, ఆ నవ్వినవారిలో ఒకడు అక్కడనే తలక్రిందుగా దూకెను. మెడయెముక విరిగెను. నాటినుండి అతనికి చక్రాల కుర్చీయే గతి. నేను వెనుదిరిగితినే గాని, "లోతు చూతము" అని నోరు తెరచి అనలేదు. ఆ బాధ నన్ను నేటికిని విడువలేదు.

తాడునకు రాయి కట్టి లోతు చూచినను, క్వారీలో బారెడు దూరముననే బండ దాగియుండవచ్చును. కావున తెలియని నీట దూకవలదు. ఎవడైన మునుగుచుండిన వెంట దూకక, తాడో, పంచెయో, వెదురుగడయో అందింపుడు. దెబ్బ తగిలినవాని మెడ కదలనీయక 108కి ఫోను చేయుడు. అన్నిటికంటె ముందు, గట్టుమీద నిలిచిన మిత్రుని చేయి పట్టి ఆపుడు. అతడు నవ్విన నవ్వనిండు.