గృహవిద్యార్థుల సాహిత్యవ్యాసములు - పరపరిశీలనము

పాఠశాలకు బోక తలిదండ్రులయొద్దనే చదివి, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారమున గాని, 1991 లో నేర్పడిన మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠము ద్వారమున గాని పదియవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు వ్రాయు బాలబాలికలు మన పట్టణములందు గలరు. వారు చేసిన లెక్క సరియో కాదో గ్రంథాంతమందలి యుత్తరము తెలుపును. శబ్దరూపము సాధువో కాదో సూత్రము తెలుపును. సాహిత్యవ్యాసమునకు మాత్రమట్టి యుత్తరపట్టిక లేదు. వ్రాసినవారు తలచినది చదువరికందినదా యనునదియే దానికి బరీక్ష. ఇంటివారే చదువరులైనచో నీ పరీక్ష యేల నిలువదో, బయటివారిచే దాని నెట్లు చేయింపవలయునో యిచ్చట విచారింపబడుచున్నది.

వాక్యార్థబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యనునవి కారణములని శాస్త్రకారులు చెప్పుదురు. ఆకాంక్షితమైన పదము వాక్యమున లేనియెడల వినువాడు దానిని అధ్యాహారము చేసికొనును. ఇంటిలో దండ్రి "తలుపు" అన్నంతమాత్రాన గుమారుడు లేచి మూయును. వీథిలో బోవువానితో నామాటయే యన్నచో "తలుపేమైనదండీ?" యని యడుగును. పాఠము చెప్పిన తల్లి తన బిడ్డ వ్రాసిన వ్యాసమును జదువునప్పుడు జరుగునది యీ మొదటి విధమైన పని. వ్యాసమున లేనిదానిని ఆమె మనస్సు తెలియకుండగనే పూరించును. లోపము బిడ్డకును గనబడదు, తల్లికిని గనబడదు. ఇది యామె పాండిత్యలోపము గాదు; సాన్నిహిత్యఫలము. కావున బయటి చదువరి యింటివారికంటె గొప్ప పండితుడు గానక్కరలేదు. ఇంటిమాట యెరుగనివాడైన జాలును.

నేను నివసించు భవానీపురమున నొక గృహస్థురాలు తన కుమార్తె వ్రాసిన వ్యాసమును నాకు బంపినది. విషయము గురజాడవారి "దిద్దుబాటు". ఆ కథ 1910 లో "ఆంధ్రభారతి" పత్రికయందు వెలువడినది. బాలిక వ్యావహారికమున జక్కగా వ్రాసినది. నేనో, యలవాటుకొలది ఎఱ్ఱసిరా చేతబట్టి, సంధులు కలిపి, ద్రుతములు చేర్చి, వాక్యములను గ్రాంథికము గావించి తిరిగి పంపితిని. వారము దినములకు బాలిక వచ్చి, "మాస్టారూ, మీరు దిద్దింది బాగుంది. కాని అది నా వ్యాసం కాదు. ఇక నేనెందుకు రాయాలి?" అన్నది. నాకు సమాధానము తోచలేదు.

1911 లో ఆంధ్రసాహిత్యపరిషత్తు పుట్టిన కాలమున, విద్యార్థులు వ్యాసములను గ్రాంథికముననే వ్రాయవలయునా, వ్యావహారికమున వ్రాయవచ్చునా యని మదరాసు రాజధానియందు గొప్ప వివాదము చెలరేగినది. ఆ వివాదమున నే పక్షమువారమైనను, ఒక్క సంగతి యొప్పుకొనవలయును: భాషను మార్చుట వేరు, వ్యాసమును బరిశీలించుట వేరు. నేను మొదటిదానిని జేసి రెండవదానిని జేసితి ననుకొంటిని.

మరల జదువునప్పుడు నేను వార్తికకారుని మార్గమును స్మరించితిని. పాణిని దాదాపు 4,000 సూత్రములు రచించెను. కాత్యాయనుడు వానిని దిరిగి వ్రాయలేదు. ఉక్తమును, అనుక్తమును, దురుక్తమును విచారించుటయే వార్తికలక్షణమని పెద్దలు చెప్పుదురు. పిమ్మట బతంజలి యా విచారమునే మరల విచారించెను. ముగ్గురు మునుల యీ సంవాదమువలననే మన వ్యాకరణము నిలిచినది.

ఆ క్రమమున నే నొక కాగితముపై మూడు మాటలు మాత్రమే వ్రాసితిని. మొదటిది ఉక్తము: "కమలిని భర్తను గోపముతో గాక యుపాయముతో దిద్దినదని నీవు చెప్పినట్లు నాకు దోచినది, ఔనా?" రెండవది అనుక్తము: "తెలివి చూపిన దంటివి. ఏమి చేసినది?" ఉత్తరము వ్రాసిపెట్టి మంచముక్రింద దాగినదను సంగతి వ్యాసమున నెచ్చటను లేదు, తల్లి కథ యెరుగును గనుక నా లోపము నెరుగలేదు. మూడవది దురుక్తము: "భర్త పూర్తిగా మారిపోయాడంటివి. కథలో నేచోట?" గోపాలరావు నౌకరు రామునియెదుట బశ్చాత్తాపపడును, అంతలో మంచముక్రింద నవ్వు వినబడును, కథ ముగియును.

బాలిక తిరిగి వ్రాసినది. మొదటి ప్రశ్నకు "ఔను" అన్నది. రెండవదానికి రెండు వాక్యములు చేర్చినది. మూడవచోట నామాట సగమే యంగీకరించినది: "మారాడని కథ చెప్పదు. కాని పేరు 'దిద్దుబాటు' కదా! దిద్దడం మొదలైంది, పూర్తి అయిందో లేదో చదివేవాళ్లకు వదిలారు." ఈ మాటకై నేను కథను మరల జదువవలసి వచ్చినది. వ్యాసము ఇప్పు డామెదే.

ఇట్టి సహాయమును గోరు తలిదండ్రులు వ్యాసముతోపాటు ప్రశ్నను, పాఠభాగమును బంపవలయును. లేనిచో బరిశీలకుడు తన ప్రశ్నకు సమాధానము వెదకును. "ఎట్లున్నది?" అని గాక "ఎచ్చట నాగిపోతిరి?" అని యడుగవలయును. అంకములు కోరరాదు. జాతీయసంస్థవారి విధానమున నధ్యాపకులు దిద్దు గృహాభ్యాసమునకు నూటికి 20 పాలు గలవు. కాని యది పరీక్షాంగము. దానికి ముందే, గెలుపోటములు లేని చదువరి యొక్కడు కావలయును. పరిశీలకుడును మూడు ప్రశ్నలకు మించి వేయరాదు. వాక్యమును దాను వ్రాసి యీయరాదు. రెండవ ప్రతిని దప్పక చూడవలయును.

విద్వాంసులు తృప్తులగువఱకు దన ప్రయోగనైపుణ్యమును నమ్మనని శాకుంతలప్రస్తావనలో సూత్రధారుడు చెప్పును. అట్టి సభ పాఠశాలలోని బాలునకు గొంత సహజముగ లభించును. ఇంట జదువు బాలునకు మనమే కూర్పవలయును. విశ్రాంతి గొన్న పండితులు ప్రతి పేటయందును గలరు. నెలకొక వ్యాసమును జదివి మూడు ప్రశ్నలు వ్రాయుట వారికి భారము గాదు. ఎఱ్ఱసిరా మాత్రము ఇంటనే విడిచి రావలయును.