పన్నెండు గళ్ల పట్టికతో మొదలుపెట్టొద్దు

స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో తొలి పేజీల్లోనే ఎదురయ్యే పట్టిక ఒకటుంది: కాలాలు 3, ఒక్కోదానికి రూపాలు 4, వెరసి 12 టెన్సులు. చాలామంది ఉత్సాహం అక్కడే చల్లారిపోతుంది. ఆ పట్టిక భయపెట్టినంతగా ఇంగ్లిష్ క్రియ మారదు.

మన క్రియ సంగతి చూడండి. వచ్చాను, వచ్చాము, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి. ఒక్క భూతకాలానికే 7 రూపాలు. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ ‘కేమ్’ ఒక్కటే. ‘వాక్’ లాంటి మామూలు క్రియకు అన్ని కాలాల్లో కలిపినా 4 రూపాలే: వాక్, వాక్స్, వాక్ట్, వాకింగ్. తెలుగు పలికే నోటికి ఇదో లెక్కా?

అసలు చిక్కంతా చిన్న మాటలతోనే. ‘బి’ ఒక్కదానికే 8 రూపాలు: బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. ‘ఆయన టీచర్’ అని క్రియ లేకుండానే మనం వాక్యం ముగించేస్తాం. అక్కడ ‘ఈజ్’ పడాల్సిందే. ఇంగ్లిష్ రాతల భారీ సేకరణ అయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ కార్పస్‌లో, ఒక మాట రూపాలన్నిటినీ ఒకటిగా లెక్కిస్తే, మొత్తం వాడుకలో పావు వంతు 10 మాటలదే. ‘ద’, ‘బి’, ‘టు’, ‘ఆఫ్’, ‘హావ్’ ఆ పదిలోవే. 100 మాటలకు వచ్చేసరికి సగం పూర్తవుతుంది.

‘డూ’తో ఇంకో పేచీ. ‘వెళ్లావు’ను ‘వెళ్లావా?’ అంటే మనకు ప్రశ్న అయిపోయింది. ఇంగ్లిష్‌లో ఆ పనికి ‘డూ’ దిగాలి. అది ‘డిడ్’గా మారి భూతకాలాన్ని తన మీద వేసుకుంటుంది కాబట్టి ‘వెంట్’ తిరిగి ‘గో’ అవుతుంది: ‘డిడ్ యు గో?’ మనవాళ్ల నోట తరచూ వచ్చే ‘డిడ్ యు వెంట్?’లో భూతకాలం 2 సార్లు పడింది, అంతే.

‘గో, వెంట్, గాన్’లా దారి తప్పి మారే క్రియలు దాదాపు 200. జాబితా బట్టీ పట్టక్కర్లేదు. ఎక్కువగా వాడే పదీ (బి, హావ్, డూ, సే, గెట్, మేక్, గో, నో, టేక్, సీ) ఆ జాతివే. ముందు వీటి పని పట్టండి. 12 టెన్సుల్లో రోజూ చేసే పని, జరుగుతున్న పని, అయిపోయిన పని, ‘విల్’తో చెప్పే రేపటి పని అనే 4 వస్తే బజారు, బ్యాంకు, ఆఫీసు గడిచిపోతాయి. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్‌తో ఎవరికైనా పని పడేది అరుదే.

‘ఎ’, ‘ద’ మన భాషలో లేనివి, అందుకే ఆలస్యంగా వస్తాయి. అవి తప్పినా ఎదుటివాళ్లకు విషయం అందుతుంది. వాటి కోసం మధ్యలో మాట ఆపొద్దు.