నడుము పట్టినప్పుడు తొక్కించవద్దు

బియ్యపు బస్తా ఎత్తబోయినప్పుడో, నీళ్ల బిందె దించుతున్నప్పుడో హఠాత్తుగా నడుము పట్టి, మనిషి నిటారుగా నిలువలేని స్థితి గృహస్థులందరికీ పరిచితమే. చరకుడు చెప్పిన 80 వాతవికారాలలో త్రికగ్రహం ఒకటి.

ఇటువంటప్పుడు ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము తన్నించుకొనుట మన పల్లెలలో పాత అలవాటు. చంటిపిల్లలను వీపుపైకి ఎక్కించి తొక్కించుకొనేవారు పట్టణాలలోనూ ఉన్నారు. రెండూ కూడదు. బిగుసుకొన్న కండరం దెబ్బకు మరింత బిగుసుకొంటుంది. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు వెన్నుపూస చిట్లే ప్రమాదమూ ఉంది.

చేయదగినవి స్నేహ స్వేదములు. నువ్వులనూనెను గాని, మహానారాయణ తైలాన్ని గాని గోరువెచ్చగా చేసి, రోగిని బోర్లాగానో, అది కష్టమైతే ప్రక్కకు తిరిగియో పడుకోమని, వెన్నెముకకు ఇరుప్రక్కల అరచేతితో పది నిమిషాలు మెల్లగా రాయవలెను. వెన్నెముకపై బొటనవ్రేళ్లు మోపి అదమరాదు. పిమ్మట వావిలాకు, ఆముదపాకు తరిగి, కొద్ది నూనెలో వేయించి, గుడ్డలో మూటగట్టి పావుగంట కాపడం పెట్టవలెను. పెట్టేవారు మూటను ముందు తమ ముంజేతికి తాకించి చూసుకొనవలెను. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారికి చర్మం కాలినా తెలియదు! ఒళ్లు బరువు, అరుచి ఉంటే అది ఆమలక్షణం. అప్పుడు నూనె మాని, వేయించిన ఇసుకమూటతో పొడికాపడం మేలు.

ఇక విశ్రాంతి మాట. హెల్సింకి నగరోద్యోగులు 186 మందిపై జరిగిన పరిశీలన 1995లో వెలువడింది. కొందరిని రెండు రోజులు మంచం దిగవద్దన్నారు. కొందరిచేత నడుము వ్యాయామాలు చేయించారు. తక్కినవారిని నొప్పి ఓర్చుకోగలిగినంతవరకు నిత్యకృత్యాలు చేసుకొమ్మన్నారు. అందరికంటె త్వరగా కోలుకొన్నది ఈ చివరివారే. కనుక ఇంటిలో పది అడుగులు నడుచుట, అరగంటకొకసారి లేచుట మొదటినుంచే మంచిది. ఆసనాలకు తొందర వద్దు. నొప్పి సగానికి తగ్గిన తరువాత ఒక్కొక్క కాలితో పవనముక్తాసనం, మరికొన్ని రోజులకు భుజంగాసనం ఆరంభించవచ్చును. వ్యాయామానికి బలంలో సగమే హద్దని సుశ్రుతుడు విధించాడు. నొప్పి కాలిలోకి దిగితే వెంటనే ఆపవలెను.

ఈ ఉపచారాలతో సాధారణంగా కొద్ది వారాలలో నెమ్మదిస్తుంది. అయితే మూత్రం బిగించినా, తెలియకుండా జారినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా, కాలు చచ్చుబడినా ఏ తైలమూ రాయక ఆ గంటలోనే పెద్దాసుపత్రికి చేర్చవలెను. జ్వరంతో వచ్చిన నడుము నొప్పిని, క్రిందపడిన తరువాత పుట్టిన నొప్పిని, పూర్వం క్యాన్సర్ వచ్చినవారి నొప్పిని కూడా ముందు వైద్యునికి చూపిన తరువాతనే మర్దనకు పూనుకొనవలెను.