గబ్బిలము కాటు, తోడేలు కాటు

2006లో విడుదలయిన ‘అండర్‌వరల్డ్: ఎవల్యూషన్’ అను ఆంగ్ల చలనచిత్రములో ఇద్దరు కవల సోదరులు కలరు. ఒకనిని గబ్బిలము కరచును. వాడు నెత్తురు త్రాగు పిశాచమగును. రెండవవానిని తోడేలు కరచును. వాడు తోడేలు మనిషి యగును. ఆ రెండు తెగలకును శతాబ్దముల తరబడి యుద్ధము. మార్కాపురములోనో గిద్దలూరులోనో ఒక విద్యార్థి ఈ చిత్రమును చూచి, “నల్లమలలోను గబ్బిలములు, తోడేళ్లు ఉన్నవి గదా, అవి కరచిన ఏమగును?” అని అడిగినచో ఉపాధ్యాయుడు నవ్వి ఊరకుండరాదు.

నెత్తురే ఆహారముగా గల గబ్బిలములు మూడు జాతులు మాత్రమే. అవి మూడును మెక్సికో మొదలు దక్షిణ అమెరికా వరకు గల ప్రాంతమునకు చెందినవి. అవియైనను నెత్తురు పీల్చవు; చర్మమును పంటితో గీరి, కారిన నెత్తురును నాకును. మన చింతచెట్లకు తలక్రిందులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలములు పండ్లు తినును. ఇండ్ల చూరులలో చేరు చిన్నవి పురుగులను తినును. ఇక తోడేలు గొఱ్ఱెల కాపరికి శత్రువే గాని, అది కరచినంతమాత్రమున మనిషి తోడేలు కాడు.

అయినను ఆ గబ్బిలమునకును, తోడేలునకును నిజముగా ఒక సంబంధము కలదు. రెండును రేబీస్ అను పిచ్చివ్యాధిని మోయగలవు. నెత్తురు త్రాగు గబ్బిలముల వలన ఈ వ్యాధి వ్యాపించునని 1930ల ఆరంభములో ట్రినిడాడ్ ద్వీపమున జోసెఫ్ పవాన్ అను వైద్యుడు కనుగొనెను. 1721–1728 మధ్య హంగరీలో కుక్కలకు, తోడేళ్లకు రేబీస్ సోకినదనియు, ఐరోపాలోని పిశాచకథలకు అదియే మూలము కావచ్చుననియు 1998లో గోమెజ్-అలోన్సో అను స్పెయిన్ దేశపు వైద్యుడు వ్రాసెను. నిద్ర పట్టకపోవుట, వెలుతురును సహింపలేకపోవుట, కరవబోవుట ఆ రోగి లక్షణములే గదా! ఇది ఊహయే గాని, ఋజువైన విషయము కాదు.

చిత్రములో సర్వమును నెత్తురులోనే యున్నది. రేబీస్ త్రోవ వేరు. చొంగతో గాయములో చేరిన వైరస్ నాడుల వెంట మెల్లగా మెదడునకు ప్రాకును. సాధారణముగా రెండు మూడు నెలలు పట్టును. మెదడు చేరిన పిమ్మట లాలాజలగ్రంథులలోనికి దిగి, జంతువును కరచునట్లు చేయును. మనిషికి నీరు మ్రింగబోగా గొంతు బిగిసికొనిపోవును. ఆ లక్షణములు కనబడిన తరువాత బ్రదుకుట దాదాపు అసంభవము. కాని ఆ ప్రయాణకాలమే మనకు చిక్కిన గడువు. 1885లో పాశ్చర్ టీకా ఈ గడువులోనే పనిచేసినది.

మన పల్లెలలో భయపడవలసినది తోడేలునకు గాదు, వీధికుక్కకు. మనుష్యులకు వచ్చు రేబీస్‌లో నూటికి 99 పాళ్లు కుక్కల వలననే. కాటుపై సున్నమో, కారమో, ఆకుపసరో పూయరాదు. వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పెద్దలు చెప్పు ‘బొడ్డు చుట్టు 14 సూదులు’ గొఱ్ఱె మెదడు నుండి తీసిన పాత టీకా. 2005 నాటికి మన దేశమున అది పోయినది. ఇప్పుడు భుజము చర్మములో 0, 3, 7, 28వ దినములలో వేయుదురు. నెత్తురు వచ్చిన గాయమునకు, దాని చుట్టు ప్రతిరక్షక ద్రవమును కూడ ఎక్కించవలెను. పెద్దలు తిట్టుదురని పంటిగీత నొకదానిని చొక్కా క్రింద దాచుకొనిన పిల్లవానికి ఇవేవియు అందవు. అట్టివానిని కనిపెట్టగలవాడు తరగతిలోని ఉపాధ్యాయుడే.