తాళమూ ఆయనదే, మారుతాళమూ ఆయనదే

జావా ప్రోగ్రామును కంపైల్ చేసి ఇస్తే దాని మూలం ఎవరి కంటా పడదనుకున్నవాళ్లకు 1996లో గట్టి దెబ్బే తగిలింది. హాన్‌పీటర్ వాన్ ఫ్లీట్ అనే డచ్ ప్రోగ్రామర్ ‘మోకా’ అని ఒకటి వదిలాడు. కంపైలైన క్లాస్ ఫైలు అందులో వేస్తే చదువుకోదగ్గ జావా కోడై బయటికొచ్చేది. గగ్గోలు పుట్టింది. దానికి చిక్కకుండా కోడును గజిబిజి చేసే ‘క్రెమా’ కూడా ఆయన చేసిందే. మోకా కాఫీ అయితే క్రెమా పైన నురగ. నురగ కింద ఏముందో కనబడదు కదా!

ఈ గజిబిజినే ఆబ్‌ఫస్కేషన్ అంటారు. ఇందులో పెద్ద వాటా పేర్లు చెరిపేయడానిదే. వడ్డీ లెక్కకని అర్థమయ్యేలా పేరు పెట్టుకున్న ఫంక్షన్ ఉత్త ‘ఎ’ అయిపోతుంది, పక్కది ‘బి’. పేర్లు మనకోసం, యంత్రానికి ఏదైనా ఒకటే. పైగా ఫైలు బరువూ తగ్గుతుంది. ఆండ్రాయిడ్ వాళ్లకు ఏళ్లతరబడి ఈ పని చేసిపెట్టింది 2002లో పుట్టిన ప్రోగార్డ్.

పొట్టి పేర్లతో ఓ తంటా ఉంది. ఎ, బి, సి అయ్యాక ఎఎ, ఎబి... వరస పోగా పోగా ‘ఎ-యు-ఎక్స్’ తగులుతుంది. డాస్ రోజుల నుంచీ విండోస్‌లో అది ఒక పోర్టుకు రిజర్వయిన పేరు. పాత విండోస్‌లో ఆ క్లాసును ఫైలుగా విప్పబోతే మొరాయించేది.

ఏ పేరు ఏదిగా మారిందో రాసుండే చిట్టా మ్యాపింగ్ ఫైలు. నేనొకసారి దాన్ని పారేసుకున్నాను. కస్టమర్ ఫోనులో యాప్ కూలింది, రిపోర్టులో ‘ఎ.బి.సి’ అని మాత్రమే ఉంది. నేను రాసిన కోడే, నేనే పోల్చుకోలేక తెల్లారేదాకా కూర్చున్నాను.

గజిబిజికి పేర్లు చెరపడమొక్కటే దారి కాదు. జావాస్క్రిప్టులో ఏ ప్రోగ్రామునైనా ఆరే ఆరు గుర్తులతో రాయొచ్చు: [ ] ( ) ! +. నమ్మరా? ఇదిగో ‘ఎ’ అక్షరం:

(![]+[])[+!+[]]

![] అంటే ‘ఫాల్స్’ (false). దానికి [] కలిపితే ఆ విలువ అక్షరాల మాటగా మారుతుంది. +!+[] అంటే ఒకటి. లెక్క సున్నా నుంచి మొదలు గనక, ఒకటో చోట ఉన్నది ‘ఎ’. ఒక్క అక్షరానికే ఇంత! కరణాల గొలుసుకట్టు రాత నయం, కూడబలుక్కునైనా చదవొచ్చు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వాడే జీపీఎల్ లైసెన్సు లెక్కన ఇలా గజిబిజి చేసినది సోర్సు కోడే కాదు. మార్పులు చేయడానికి అనువైన రూపాన్నే అది సోర్సంటుంది.

‘మైన్‌క్రాఫ్ట్’ ఆట జావా కోడూ ఇలా గజిబిజిగానే వచ్చేది. ఆటకు మాడ్లు (సొంత మార్పులు) చేసే అభిమానులు ఆ ఎ, బి, సిలకు ఏళ్లపాటు తామే పేర్లు ఊహించి పెట్టుకున్నారు. 2019లో ఆ ఆటను తయారుచేసే మోజాంగ్ కంపెనీ అసలు పేర్ల చిట్టా బయటపెట్టింది. 2025లో, ఈ గజిబిజే ఇక మానేస్తున్నామంది.