నిద్ర లేచాక మొదలయ్యే నొప్పి

మన తెలుగు కుటుంబాల్లో ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు చాలామందే కనిపిస్తారు. పీహెచ్‌డీ చేస్తున్న మరదలు, పోస్ట్‌డాక్ చేస్తున్న తమ్ముడు, వేసవి సెలవుల్లో యూనివర్సిటీకి వెళ్లే కూతురు. అక్కడ జరిగే పరిశోధనల్లో చాలా భారం మోసేది పాతిక గ్రాముల బరువుండే చిట్టెలుక. దానికి ఆపరేషన్ చేసేముందు నొప్పి తెలియకుండా మత్తు ఇస్తారు. అయితే ఆ మత్తే ఒక్కోసారి దానికి కొత్త నొప్పి తెచ్చిపెడుతుంది.

పొట్టలోకే ఎందుకు?

చిట్టెలుక తోకలోని నరం దారంలా ఉంటుంది. అందులోకి సూది ఎక్కించడం అందరికీ చేతకాదు. తొడ కండ మరీ చిన్నది. అక్కడ కెటమిన్, జైలజిన్ లాంటి మందులు పొడిస్తే కండ దెబ్బతినవచ్చు. అందుకని ఎక్కువగా పొట్టలోకే ఇస్తారు. అంటే మందు నేరుగా పేగుల మీద, వాటిని కప్పి ఉండే పలచని పొర మీద పడుతుంది. మందులో ఘాటు ఉంటే ముందు మండేది ఆ పొరే.

అవర్టిన్ కథ

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ట్రైబ్రోమోఇథనాల్. 1920ల్లో జర్మనీలో దీన్ని మనుషులకే మత్తుమందుగా అవర్టిన్ పేరుతో వాడారు. తర్వాత కంపెనీ తయారీ ఆగిపోయింది. ల్యాబ్‌లు మాత్రం పొడి కొని, ఒక రకం ఆల్కహాల్‌లో కరిగించి, నీళ్లు కలిపి సొంతంగా తయారు చేసుకోవడం మొదలుపెట్టాయి. ఎలుక నిమిషాల్లో పడుకుంటుంది, త్వరగా లేస్తుంది. కెటమిన్ అమెరికాలో 1999 నుంచి నియంత్రిత మందు కాబట్టి దానికి లైసెన్సు, తాళం, లెక్కలు కావాలి. దీనికి ఆ గొడవ లేదు. జన్యువులు మార్చిన ఎలుకలను తయారుచేసే ల్యాబ్‌ల్లో ఇది అలా స్థిరపడిపోయింది.

చిక్కంతా నిల్వ దగ్గర. వెలుతురు, వేడి తగిలితే ఈ మందు విడిపోయి హైడ్రోబ్రోమిక్ ఆమ్లం, డైబ్రోమోఅసిటాల్డిహైడ్ తయారవుతాయి. రెండూ కణజాలాన్ని కాల్చే పదార్థాలే. అందుకే చీకట్లో, ఫ్రిజ్‌లో పెట్టాలి, ఆమ్లత పరీక్షించి వాడాలి. పాడైన మందు ఎక్కితే ఉదర పొర వాస్తుంది, పేగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటి కదలిక ఆగిపోతుంది. ఎలుక బాగానే లేచి తిరుగుతుంది, కొన్ని రోజుల తర్వాత పొట్ట ఉబ్బి చనిపోవచ్చు. రెండోసారి ఇస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. తాజాగా కలిపిన మందుతోనూ కొన్ని ఎలుకల్లో ఈ వాపు కనిపించింది. కాబట్టి తప్పంతా ఫ్రిజ్ మీద నెట్టేయలేం. క్లోరల్ హైడ్రేట్ అనే మరో పాత మందు గాఢంగా ఇచ్చినప్పుడు పెద్ద ఎలుకల్లో పేగులు స్తంభించిపోవడం కూడా ఎప్పటినుంచో తెలిసిందే.

నష్టం ఎలుకకేనా?

మొదటి నష్టం దానిదే. పైగా ఎలుకలు నొప్పిని దాచుకునే జీవులు. 2010లో శాస్త్రవేత్తలు కళ్లు ముడవడం, చెవులు వెనక్కి వాల్చడం, బుగ్గ ఉబ్బడం వంటి గుర్తులతో ఎలుక ముఖం చూసి నొప్పి అంచనా వేసే కొలమానం తెచ్చారు. అందాకా చాలా నొప్పి మన కంటపడలేదు.

రెండో నష్టం మనది. కీళ్లవాతానికో మధుమేహానికో మందు పరీక్షిస్తున్నారనుకోండి. ఒంట్లో వాపు ఎంత తగ్గిందన్నదే అక్కడ కొలత. మత్తుమందే వాపు తెచ్చిపెడితే, ఆ కొలతలో దేని వాటా ఎంత? పోలిక కోసం పెట్టుకున్న ఎలుకలకూ అదే మత్తు ఇస్తారు, నిజమే. కానీ నిన్నటి సీసాకీ నెలనాటి సీసాకీ తేడా ఉంటే ఆ పోలిక కూడా నిలవదు.

ఇప్పుడేం చేస్తున్నారు?

చాలాచోట్ల ఐసోఫ్లురేన్ లాంటి పీల్చే మత్తు వాడుతున్నారు. దానికి యంత్రం, ఖర్చు కావాలి, కానీ ఎప్పటికప్పుడు మోతాదు మార్చుకోవచ్చు. అవర్టిన్ వాడాలంటే ఎందుకో జంతు సంక్షేమ కమిటీకి కారణం చెప్పాలి. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు వీటన్నిటికీ పునాది: వీలైతే జంతువు బదులు వేరే మార్గం, తప్పకపోతే తక్కువ సంఖ్య, వాటికీ తక్కువ బాధ.

ఇదంతా చదివి మన ఆపరేషన్లలో ఇచ్చే మత్తు గురించి భయపడకండి. ఇవాళ ఆసుపత్రుల్లో అవర్టిన్ వాడరు, మనకు మత్తు పొట్టలోకి పొడవరు. అయితే మీ అమ్మాయి ల్యాబ్‌లో చేరితే ఒక్క మాట చెప్పండి: సీసా మీద కలిపిన తేదీ చూడమని, ఆపరేషన్ అయిన ఎలుకను మర్నాడే కాదు, వారం దాకా గమనించమని.