మరపు ముదిమిదా, వ్యాధిదా?

పప్పుచారులో ఉప్పు వేయడం మరచిపోవడం వేరు. నలభై ఏళ్లుగా కాచిన పప్పుచారు ఎలా కాచాలో తెలియక పొయ్యి ముందు నిలబడిపోవడం వేరు. మొదటిది వార్ధక్యం. రెండవదాన్ని వైద్యునికి చూపవలసి ఉంటుంది.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలోయిస్ ఆల్‌జైమర్ పరీక్షించిన ఆగుస్టె డెటర్ వయస్సు 51 ఏళ్లే. 1906లో ఆమె మరణించిన తరువాతనే మెదడులోని ఫలకాలు, కణాలలో చిక్కుపడిన పోగులు సూక్ష్మదర్శినికి చిక్కాయి. అమిలాయిడ్ ఫలకాలను బ్రతికుండగానే చూపే పెట్ స్కానింగ్ మందును అమెరికా 2012లో ఆమోదించింది. 2025 మే నెలలో, 55 ఏళ్లు, ఆపైబడి లక్షణాలు కనిపించినవారికి, టౌ, అమిలాయిడ్ ప్రోటీనుల నిష్పత్తిని కొలిచే రక్తపరీక్షకూ అనుమతినిచ్చింది.

ఇక జోస్యం సంగతి. స్వల్ప మతిక్షీణత గలవారందరూ ఈ వ్యాధి పాలబడరు. కొందరిలో కారణం థైరాయిడ్ లోపం, బి12 కొరత, మానసికమైన కుంగుబాటు కావచ్చు, చికిత్సతో కోలుకుంటారు. అమిలాయిడ్ ఉన్నదని తేలితే ముదిరే అవకాశం హెచ్చు. ఎంత వేగంగానో మాత్రం ఏ పరీక్షా నిక్కచ్చిగా చెప్పలేదు.

మన ఇళ్లలో మరొక చిక్కున్నది. ప్రసిద్ధమైన 30 మార్కుల ప్రశ్నావళిలో ఒక ఇంగ్లీషు మాట అక్షరాలను వెనుకనుండి చెప్పమంటారు. తెలుగే తెలిసిన తల్లికి ఆ మార్కులు పోతే దోషం జ్ఞాపకశక్తిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా అయిదు భాషలలో పరీక్షలను రూపొందించింది. వైద్యునికి ఆ మాట చెప్పండి. దుబాసీని ముందుగానే కోరండి. కన్నకొడుకు అనువదించడానికి కూర్చుంటే, తెలియకుండానే అమ్మకు జవాబు అందించేస్తాడు!